మాస్కు అలవాటైంది కానీ గ్లౌజుల గుట్టు కారప్పొడి బయటపెట్టింది

కరోనా టైంలో మాస్కు, గ్లౌజులు వేసుకుని రోజంతా పనెలా చేసుకున్నారు అని అడిగారు కదా. మాది గుంటూరులో చిన్న కిరాణా కొట్టండి, 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినా కిరాణాకి మినహాయింపు కాబట్టి పొద్దున్నే షట్టర్ ఎత్తాల్సిందే.

నిజానికి మూతికి గుడ్డ కట్టుకోడం మా ఊరికి కొత్తేం కాదు, మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్ళు, కాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళు ఘాటుకి ఆగలేక ఎప్పట్నుంచో కట్టుకుంటున్నారు. కానీ కొట్లో కూర్చుని వాగేవాడికి అది వేరే నరకం. ఏప్రిల్, మే ఎండలు, ఏసీ లేదు, పది నిమిషాలకే మాస్కు తడిసి మూతికి అతుక్కుపోయేది, గడ్డం కింద చెమటకాయలు, కళ్ళజోడు మీద ఆవిరి. మూడు పొరల మాస్కు పది రూపాయలకి మించి అమ్మకూడదని కేంద్రం చెప్పినా ఒక మందుల షాపులో పాతిక తీసుకున్నారు నా దగ్గర, అడిగితే స్టాకు లేదంటారని నోరు మూసుకుని కొన్నా. తర్వాత మా ఆవిడ పాత నేత పంచె చించి కుట్టిచ్చింది, అవే హాయి, పూటకొకటి మార్చి ఉతికేసేవాళ్ళం. ఒక వాల్వున్న ఎన్95 కూడా కొన్నా, గాలి బాగా ఆడుతుందని మురిసిపోయా, తీరా చూస్తే మనం వదిలే ఊపిరి ఆ వాల్వులోంచి వడపోత లేకుండా ఎదుటివాళ్ళ మీదకే పోతుందట, జులైలో కేంద్రం కూడా అవి వాడొద్దని చెప్పింది, పక్కన పడేశా.

మాస్కుతో అసలు కష్టం ఏంటో తెలుసా, వేలికి ఎంగిలి. ముప్పై ఏళ్ళ అలవాటు, కవర్ మూతి విడదీయాలన్నా నోట్లు లెక్కపెట్టాలన్నా వేలు నాలిక మీదకే పోద్ది. మాస్కున్నాక వేలు టపీమని గుడ్డకి తగిలేది, రోజుకి యాభై సార్లు, అప్పటిదాకా ఎంత ఎంగిలి నోట్లు ఇచ్చానో తల్చుకుంటే సిగ్గేసింది. బ్యాంకోళ్ళలాగా గిన్నెలో తడి స్పాంజి పెట్టుకున్నా. ఇక మా వీధి మామ్మగారైతే దూరం నుంచి మాస్కుతోనే వచ్చి, కరెక్టుగా నా ఎదురుగా నిలబడి దాన్ని గడ్డం కిందకి లాగి "శనగపప్పు అరకేజీ నాయనా" అని మళ్ళీ పైకి వేసుకునేది.

గ్లౌజుల సంగతికొస్తే, వేసుకున్నంతసేపూ మహా ధైర్యంగా ఉండేది. గంటకి వేళ్ళ చివర్లలో చెమట నీళ్ళు నిలిచేవి, విప్పితే చేతులు నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉండేవి, అయినా వదల్లేదు. ఒకరోజు గ్లౌజుల్తోనే కారం తూచి పొట్లం కట్టా, మధ్యలో మాస్కు జారుతుంటే అదే చేత్తో పైకి లాక్కున్నా, ఇక చూస్కోండి, ముక్కు, కళ్ళు భగభగ, మాస్కు లోపల ఒకటే తుమ్ములు, కొట్టు ముందు ముగ్గుతో గీసిన గుండ్రాల్లో నిలబడ్డ జనం నాకేదో వచ్చేసిందని గుండ్రాలు వదిలేసి రోడ్డు అవతలికి పోయారు. మా వీధిలో ఒక నర్సమ్మ మాత్రం అక్కడే నిలబడి నవ్వుతూ "కారం కాబట్టి తెలిసింది బాబాయ్, వైరస్ అయితే మంట పుట్టదుగా" అంది. పొద్దుట్నుంచి అదే గ్లౌజుతో నోట్లు, సంచులు, తాళాలు, ఫోను, అన్నీ ముట్టుకున్నవాణ్ణే మరి. చేతులైతే కడుక్కుంటాం, గ్లౌజు ఉందంటే అదీ మానేస్తాం.

ఆ రోజు నుంచి కొట్టు గుమ్మంలో కుళాయి పెట్టిన బకెట్టు, లైఫ్‌బాయ్ సబ్బు, అంతే. మీరు ఆసుపత్రిలో పని చేస్తుంటేనో, ఇంట్లో పేషెంటుకి చాకిరీ చేస్తుంటేనో గ్లౌజులు కావాలి, అదీ పనవగానే తీసి పారేసి చేతులు కడుక్కోవాలి. కూరగాయలకి పోయొచ్చేదానికి అక్కర్లేదు.

స్పాంజి గిన్నె ఇప్పటికీ గల్లా పెట్టె పక్కనే ఉంది. మిగిలిన గ్లౌజుల డబ్బా మా ఆవిడ ఆవకాయ కలపడానికి వాడేసింది.