అన్నం మానేసి చపాతీలు తింటున్నా ఇన్సులిన్ డోసు ఎందుకు పెరుగుతోంది?

మీరడిగింది ఇదే కదండీ: అమ్మగారికి పొద్దున, రాత్రి 30/70 మిక్స్ ఇన్సులిన్ నడుస్తోంది, పొద్దున రాగి జావ, రాత్రి అన్నం మానేసి చపాతీలు, అయినా షుగర్ దిగట్లేదు, చూపించుకోవడానికి వెళ్లినప్పుడల్లా డాక్టరు గారు ఇంకో రెండు యూనిట్లు పెంచి పంపుతున్నారు, తిండి మారిస్తే ఈ డోసు తగ్గుతుందా అని. తగ్గుతుంది. నేనూ టైప్ 2నే, చాలా ఏళ్లుగా ఇన్సులిన్ వేసుకుంటున్నాను, తిండి సర్దుకున్నాక నా డోసు దాదాపు మూడోవంతు తగ్గింది. కాకపోతే అన్నం బదులు చపాతీ తినడం వల్ల మాత్రం తగ్గలేదు.

ఆ చపాతీ సంగతి ముందు చూద్దాం. వంటింట్లోకి ఒక చిన్న డిజిటల్ కాటా కొనండి, షుగరున్న ఇంట్లో మీటరు ఎంత అవసరమో అదీ అంతే అవసరం. వండిన అన్నం 100 గ్రాములు తూస్తే అందులో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు. 30 గ్రాముల గోధుమపిండితో ఒత్తిన ఒక్క చపాతీలో 20 పైనే. అంటే మూడు చపాతీలు తింటే 200 గ్రాముల అన్నం తిన్నట్టే, పక్కన బంగాళాదుంప కూర కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. గోధుమలో పీచు కాస్త ఎక్కువ, నిజమే, కానీ ఎంత ఇన్సులిన్ కావాలన్నది ఎక్కువగా తేలేది కడుపులోకి ఎన్ని గ్రాముల పిండిపదార్థం వెళ్లిందన్న దాన్ని బట్టే. నేను భోజనానికి ముందు వేసుకునే త్వరగా పనిచేసే ఇన్సులిన్‌లో ఒక యూనిట్ నాకు దాదాపు 8 గ్రాముల పిండిపదార్థానికి సరిపోతుంది. ఈ లెక్క మనిషికీ మనిషికీ మారుతుంది, ఒకే మనిషికి పొద్దుటికీ రాత్రికీ కూడా మారుతుంది, కాబట్టి నా అంకె మీరు వాడకండి.

రాగులు మంచివే, కానీ పిండి పట్టించి పల్చగా కాచి గ్లాసుతో తాగేస్తే నమిలే పని కూడా ఉండదు, గబగబా రక్తంలోకి వెళ్తుంది. నాకు జావ తాగిన గంటకి మీటరులో 240 దగ్గర కనిపించేది, అదే రెండు పెసరట్లు అల్లం చట్నీతో తింటే 170 దాటేది కాదు. ఉత్త పెసరట్టు అండోయ్, లోపల ఉప్మా పెట్టిన ఎమ్మెల్యే పెసరట్టు కాదు! మధ్యాహ్నం కూడా ముందు కూర, పప్పు, గుడ్డో చేపో తినేసి చివర్లో 150 గ్రాముల అన్నం తింటాను. అదే అన్నం ముందు తింటే రెండు గంటల రీడింగు ఎక్కువొస్తుంది, మీరూ రెండు రకాలుగా తిని కొలిచి చూడండి, తెలిసిపోతుంది.

బిర్యానీ తిన్న రాత్రి తిన్న రెండు గంటలకి చూసుకుని 160 ఉందని సంబరపడొద్దు. నూనె, నెయ్యి, మాంసం వల్ల కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, అసలు షుగర్ నాలుగైదు గంటల తర్వాత, మనం నిద్రలో ఉన్నప్పుడు ఎక్కుతుంది. తెల్లారి చూస్తే 220, రాత్రి బాగానే ఉంది కదా అని తల పట్టుకోవడం.

ఇప్పుడు అమ్మగారి 30/70. అందులో 30 శాతం త్వరగా పనిచేసే రెగ్యులర్, 70 శాతం నిదానంగా పనిచేసే ఎన్‌పీహెచ్. పొద్దున వేసిన దాంట్లోని ఆ 70 శాతం మధ్యాహ్నానికి జోరందుకుంటుంది, అంటే మధ్యాహ్నం భోజనానికి సూది పొద్దుటే పడిపోయిందన్నమాట. ఒంటిగంటకి తినాల్సిన మనిషి మూడింటి దాకా ఆగితే చెమటలు, వణుకు మొదలవుతాయి. శనివారం ఒక్కపొద్దులుండేవాళ్లకి ఇంకా ఇబ్బంది: సూది మామూలుగా వేసుకుంటారు, పగలు ఏమీ తినరు, కళ్లు తిరిగితే చేతికందిన స్వీటు నోట్లో వేసుకుంటారు, రాత్రి ‘పలారం’ పేరుతో ప్లేటు నిండా ఉప్మా. ఆదివారం పొద్దున టెస్టులో 250 వస్తుంది, ఆ కాగితం చూసి డాక్టరు డోసు పెంచుతారు, మధ్యలో షుగర్ పడిపోయిన సంగతి ఆయనకి ఎవరూ చెప్పరు. అమ్మగారికి ఉపవాసాల అలవాటు ఉంటే ముందు ఇది కనుక్కోండి.

షుగర్ 70 లోపు పడితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. చాక్లెట్ ఇవ్వకండి, అందులోని కొవ్వు వల్ల ఆలస్యం అవుతుంది.

ఇది చదివి రేపట్నుంచే అన్నం సగం చేసేయకండి. తిండి తగ్గి డోసు అంతే ఉంటే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది, అందుకే ముందు డాక్టరుతో మాట్లాడి రెండూ కలిపి తగ్గించుకోవాలి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడుతూ పిండిపదార్థాలు బాగా మానేస్తే షుగర్ మరీ ఎక్కువ లేకపోయినా రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. టైప్ 1 వాళ్లయితే ఏ డైట్ చేసినా ఇన్సులిన్ ఆపే మాటే లేదు. ఈసారి వెళ్లేటప్పుడు ఒక వారం పాటు తిన్నది, తిన్న టైము, డోసు, రెండు గంటల రీడింగు పుస్తకంలో రాసి తీసుకెళ్లండి. మా డాక్టరు నా డోసు మొదటిసారి తగ్గించింది అలాంటి పుస్తకం చూశాకే, నేనెంత బతిమాలినా అంతకుముందు వినలేదు.

అన్నట్టు, పొట్ట మీద రోజూ ఒకే చోట వేస్తున్నారా? అక్కడ గట్టిగా గడ్డలా తగిలితే ఆ చోట వేసిన మందు సరిగ్గా ఎక్కదు, చోటు మార్చాలి. చోటు మార్చగానే అదే డోసు ఎక్కువ పనిచేసి షుగర్ పడొచ్చు, ఆ నాలుగు రోజులు మీటరు దగ్గర పెట్టుకోండి. సీసా మీద 40 ఐయూ (అంటే ఒక మి.లీ.లో 40 యూనిట్లు) అని ఉంటే సిరంజీ కూడా 40దే ఉండాలి, ఎర్ర మూతది. మెడికల్ షాపులో నారింజ మూత 100ది ఇచ్చారేమో ఈ రాత్రే చూడండి, దాంతో అయితే 20 గీత దాకా తీసినా లోపలికి వెళ్లేది 8 యూనిట్లే.