కంటి బొమ్మ బట్టీ పట్టండి, కానీ ముందు కన్ను మూయించడం నేర్చుకోండి

వచ్చే నెల ఒక కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షించే ఆప్టోమెట్రీ అసిస్టెంటుగా చేరుతున్నానని, కంటి బొమ్మలోని భాగాలన్నీ బట్టీ పట్టాలా అని అడిగారు. పన్నెండేళ్లుగా నేను చేస్తున్నది ఆ పనే. బట్టీ పట్టండి, రెండు రోజులు చాలు. ముందున్న కార్నియాను మనవాళ్లు నల్లగుడ్డు అంటారు. వెలుతురును వంచే శక్తిని డయాప్టర్లలో కొలుస్తారు, కళ్లద్దాల పవర్ కూడా ఆ లెక్కే. కంటికున్న సుమారు 60 డయాప్టర్ల శక్తిలో 43 దానిదే. మిగిలింది లోపలి లెన్సుది. నలభై దాటాక ఆ లెన్సు బిగుసుకుంటే చత్వారం, మసకబారితే శుక్లం. ముందు నుంచి వెనక్కి కనుగుడ్డు పొడవు దాదాపు 24 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు పెరిగిందంటే మూడు డయాప్టర్ల దాకా మైనస్ పవర్ వచ్చేస్తుంది. వెనక వెలుతురును పట్టే పొర రెటీనా, అక్కడి నుంచి మెదడుకు వెళ్లే నరం. బొమ్మ అక్కడితో అయిపోతుంది, మెదడును ఎవరూ గీయరు.

నా కోపమంతా అక్కడే. ‘కన్ను కెమెరా లాంటిది’ అని ప్రతి శిక్షణలోనూ చెబుతారు. ఆ పోలికను దయచేసి వదిలేయండి. కెమెరా కొన్న రోజే బొమ్మ తీస్తుంది. బిడ్డ చూడటం నేర్చుకోవాలి. ఏడెనిమిదేళ్ల లోపు ఒక కంటి నుంచి మెదడుకు స్పష్టమైన బొమ్మ అందకపోతే, మెదడు ఆ కన్నును పక్కన పెట్టేస్తుంది. లేజీ ఐ అనేది ఇదే. కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు, మెల్ల కూడా ఉండనక్కరలేదు. రెండో కన్ను పని నడిపిస్తుంది కాబట్టి ఆ బిడ్డకే తెలియదు.

నేను చేరిన రెండో ఏడాది ఒక ప్రభుత్వ పాఠశాలలో కంటి పరీక్షలకు వెళ్లాం. ఒక్క పూటలో నూట యాభై మంది పిల్లలు. వరుస గదిలోపలి దాకా వచ్చింది, ముందున్నవాళ్లు చదివే అక్షరాలు వెనకున్నవాళ్లకు వినబడుతున్నాయి. రెండో తరగతి పాప ఒకతె ఎర్ర రిబ్బన్లతో వచ్చి నిలబడింది. కుడి కన్ను మూసుకోమంటే వేళ్లతో మూసుకుంది, తల కాస్త పక్కకు తిప్పింది, ఆఖరి వరుస దాకా గడగడా చదివేసింది. ఎంత చురుకైన పిల్ల అనుకున్నాను. కార్డు మీద రెండు కళ్లకూ 6/6, అంటే చూపు మామూలుగానే ఉందని, రాసి సంతకం చేశాను.

నాలుగేళ్ల తరువాత ఆ పాపను వాళ్లమ్మ మా ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఇల్లు ఊడుస్తుంటే కుడి కంట్లో నలక పడిందట. ఆ కన్ను మూసుకోగానే “అమ్మా, నువ్వు కనబడటం లేదు” అని ఏడ్చిందట పిల్ల. ఎడమ కంటికి ప్లస్ 5 పవర్ ఉంది. చూపు 6/60, అంటే చార్టులో అన్నిటికన్నా పై అక్షరం మాత్రమే. వాళ్లమ్మ చీర కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కార్డు తీసి నా చేతిలో పెట్టింది. “మేడం, ఇందులో బాగుందని రాశారు కదా?” అని మెల్లగానే అడిగింది. అది నా చేతిరాతే.

కళ్లద్దాలు ఇచ్చారు, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేయించారు. ఏడాదికి 6/24 దాకా వచ్చి ఆగింది. ఆ రోజు గదిలో నేను సరిగ్గా చూసి ఉంటే ఇంకా ఎన్నో వరుసలు చదివేదని డాక్టరుగారు అనలేదు. నాకు తెలుసు.

అందుకే చెబుతున్నాను, వేళ్లతో కన్ను మూయనివ్వకండి. వేళ్ల సందులోంచి చూస్తారు, మోసం చేయాలని కాదు, పిల్లలకు చదవగలగడమే ముఖ్యం కాబట్టి. అరచేతి గుంటతో మూయించండి, గుడ్డును నొక్కకుండా. నొక్కితే ఆ తరువాత ఆ కన్నే కాసేపు మసకగా ఉంటుంది. పిల్లలకైతే అరచేతిని కూడా నమ్మకుండా కన్నుకు అడ్డంగా టేపు అంటించండి. చదివేటప్పుడు చార్టును కాదు, పిల్ల ముఖాన్ని చూడండి. తల తిరిగిందంటే మూసిన కన్ను దారి వెతుక్కుంటోందని అర్థం. రెండో కంటికి వరుసను కుడి నుంచి ఎడమకు చదివించండి. చూపు తగ్గిందనిపిస్తే పిన్‌హోల్, అంటే సన్నని రంధ్రమున్న పలక, కంటి ముందు పెట్టి చదివించండి. దానితో మెరుగైతే చాలావరకు పవర్ సమస్యే, మెరుగుపడకపోతే డాక్టరుగారికి ఆ మాట విడిగా చెప్పండి, కార్డులో రాసి ఊరుకోకండి.

ఇంకొకటి, 6 మీటర్ల దూరం నుంచి చదివించాల్సిన చార్టును నాలుగు మీటర్ల గదిలో తగిలించే ఆసుపత్రులను నా కళ్లతో చూశాను. మీరు చేరిన రోజే టేపు పట్టుకుని కొలవండి. డచ్ కంటి డాక్టరు స్నెల్లెన్ 1862లో ఆ చార్టు తయారు చేసింది ఒక లెక్క ప్రకారం. దూరం మారితే ఆ లెక్కకు విలువ ఉండదు. చోటు లేకపోతే 3 మీటర్లలో నిలువుటద్దం పెట్టించి, అందులో చార్టు 6 మీటర్ల దూరంలో కనబడేలా చేయమని అడగండి, కొత్తగా చేరినవాళ్లు అడగకూడదని ఎక్కడా లేదు.

ఇక తల్లిదండ్రులు. ‘ఆడపిల్లకు అద్దాలు పెడితే సంబంధాలు రావు’, ‘పెట్టుకుంటే పవర్ పెరుగుతుంది’, ‘క్యారెట్ తింటే పోతుంది’. ఈ మూడూ వారానికి పది సార్లు వింటారు. ప్రతిసారీ కూర్చోబెట్టి చెప్పండి. వెనక వరుస పెరిగినా సరే. అద్దాలు పెట్టుకోవడం వల్ల పవర్ పెరగదు. చిన్న వయసులో పెట్టకపోతే కన్ను చూడటమే నేర్చుకోదు.

ఆ పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఈ మధ్య వాళ్లమ్మ ఆమె తమ్ముణ్ణి తీసుకుని నా దగ్గరకే వచ్చింది. టేపు నేనే అంటించాను. రెండు కళ్లతోనూ చివరి వరుస చదివాడు, తిరగేసి కూడా. కార్డు రాసి ఇస్తే ఆమె దాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి కొంగున ముడి వేసుకుంది.