డెక్‌కి చెక్క ఎన్ని ముక్కలు?

చిరంజీవి అల్లుడికి, ఆశీస్సులు.

ఇంటి గోడకి ఆనించి వేసే చెక్క అరుగు, అదే 12×16 అడుగుల డెక్‌కి 192 చదరపు అడుగుల చెక్క చాలుగా అని అడిగావు. ఆ లెక్క ఖర్చు అంచనాకి సరే, కొట్లో పనికిరాదు. అక్కడ 8, 10, 12, 16, 20 అడుగుల ముక్కలమ్ముతారు. నీ కొలత వాటికి సరిపోయింది. 17 అడుగులు పెట్టుకునుంటే ప్రతి పలకకీ 20 అడుగులది కొని మూడడుగులు కోసి పారేసేవాడివి.

ముందు జాయిస్టులు, అంటే పలకల కింద అడ్డంగా వేసే దుంగలు. గోడ వెంట పొడవు 16 అడుగులు, అంటే 192 అంగుళాలు. 16 అంగుళాలకొకటి చొప్పున 12 ఖాళీలొస్తాయి, జాయిస్టులు మాత్రం 13. ఆ చివరిది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. పేరుకి 2×10 అంగుళాలవి, 12 అడుగుల పొడవువి తీసుకో. లెడ్జర్‌కొకటి (గోడకి బిగించే చెక్క), ఎదురు రిమ్‌కొకటి (బయటి అంచు చెక్క) 16 అడుగులవి కావాలి. వాటి మందం కలిపి మూడంగుళాలు, కాబట్టి జాయిస్టు నికరంగా 11 అడుగుల 9 అంగుళాలే. చివర్లు పగిలున్నా కోసెయ్యొచ్చు. దూలం, స్తంభాల సంగతి నువ్వు తేల్చకు, పర్మిట్ డ్రాయింగులో ఉన్నవే కొను.

పైపలక పేరుకి ఆరంగుళాలు, టేపు పెడితే ఐదున్నర. 12 అడుగులంటే 144 అంగుళాలు, దాన్ని ఆరుతో భాగిస్తే 24, ఐదున్నరతో అయితే 26 దాటుతుంది, అంటే 27. ట్రీటెడ్ చెక్క, అంటే పుచ్చకుండా మందు పట్టించింది, తడిగా వస్తుంది. సందు వదలకుండా ఆనించి బిగించు, ఆరాక సందు అదే పడుతుంది. కంపోజిట్ (చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి చేసిన పలక) అలా కుంచించుకోదు, కంపెనీ చెప్పిన సందు వదలాల్సిందే. తరుగు నూటికి పది, మొత్తం 16 అడుగుల పలకలు 30. ఐమూలగా వేసే సరదా ఉంటే తరుగు పదిహేను, జాయిస్టులు 12 అంగుళాలకొకటి, అంటే 17. నన్నడిగితే వద్దంటాను.

నేల నుంచి మూడడుగుల ఎత్తన్నావు. మెట్టు ఎత్తు ఏడుముప్పావు అంగుళాలు దాటకూడదు కాబట్టి ఐదు ఎత్తులు, నాలుగు మెట్లు. మెట్టుకి రెండు పలకలు, మూడడుగుల వెడల్పు. 16 అడుగులవి ఇంకో రెండు.

స్క్రూలు 27×13×2, అంటే 702. 800 తెచ్చుకో. లెడ్జర్ వైపు మధ్య జాయిస్టులకి 11 హ్యాంగర్లు (జాయిస్టు చివర పట్టి ఉంచే ఇనుప తొడుగులు). మేకులు, స్క్రూలు ట్రీటెడ్ చెక్కకి పనికొచ్చేవే కొను. అందులోని రాగి మామూలు ఇనుమును తినేస్తుంది.

ఒక్కో చెక్కనీ అంచు వెంబడి ఒంటికంటితో చూసి ఏరుకో. కాస్త విల్లులా ఉన్నవి జాయిస్టులకి పనికొస్తాయి, ఉబ్బు పైకి పెట్టు. మెలి తిరిగినవి మాత్రం అక్కడే వదిలెయ్. మిగిలిన పలకలు రసీదుంటే సాధారణంగా వాపసు తీసుకుంటారు, కోసినవి తీసుకోరు. ఆ అదనపు మూడూ ఆఖరిదాకా రంపానికి అందనివ్వకు.

మీ మావయ్య