రాణి మరణానికి సాక్షులెవరు? – చరిత్ర: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఎనిమిదో తరగతికి సాంఘికశాస్త్రం చెబుతాను. చరిత్రకారుడు కూడా డిటెక్టివ్ లాంటివాడేనని పుస్తకాల్లో రాస్తారు గానీ ఆ పని ఎలా జరుగుతుందో చూపించరు. మన ప్రాంతపు కేసు ఒకటి, ఒక్క పీరియడ్‌లో అయిపోయేది, చెప్పగలరా?
– ఉపాధ్యాయిని, సూర్యాపేట

జవాబు: కేసు మీకు దగ్గర్లోనే ఉంది. నకిరేకల్ పక్కన చందుపట్లలో. రుద్రమదేవి ఎప్పుడు మరణించింది, ఎలా మరణించింది అన్నదే ఆ కేసు. పాత పాఠ్యపుస్తకాలు ఆమె పాలనను 1295 దాకానో 1296 దాకానో లాగేవి. చందుపట్ల రాయిని చదివాక ఆ లెక్క మారిపోయింది.

ముందు బోర్డు మీద నాలుగు గడులు గీయించండి: ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎందుకు చెప్పారు, వాళ్లకెలా తెలుసు. ఆ తర్వాత సాక్షుల్ని ఒక్కొక్కరినే పిలవండి. జవాబు మాత్రం ముందు చెప్పకండి. చెప్పేశారంటే పిల్లలు ఆధారాలు చూడటం మానేసి, జవాబుకు సరిపోయే ముక్కలు ఏరుకుంటారు. పెద్దవాళ్లూ చేసేది అదే.

మొదటి సాక్షి చందుపట్ల శాసనం. తేదీ శక సంవత్సరం 1211, విరోధి, మార్గశిర శుద్ధ ద్వాదశి. మన లెక్కలో 1289 నవంబరు చివరి వారం. రుద్రమదేవీ, మల్లికార్జున నాయకుడూ శివలోకం చేరారు కనుక వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే సేవకుడు ఆ ఊరి సోమనాథ దేవరకు భూమి ఇచ్చాడు. రాతి మీదున్న విషయం ఇంతే.

ఈ సాక్షికి బలం ఎక్కడిదో పిల్లల్నే అడగండి. ముమ్మడి ఆ రాయి వేయించింది రాణి మరణవార్త లోకానికి చాటడానికి కాదు. అది భూదానపు దస్తావేజు. మరణం మాట అందులో దారిన పోతూ దొర్లింది. పనిగట్టుకుని చెప్పిన మాటకన్నా ఇలా దొర్లిన మాటను చరిత్రకారులు ఎక్కువగా నమ్ముతారు, ఎందుకంటే అబద్ధం ఆడి ముమ్మడి బాగుపడేదేమీ లేదు. పైగా బతికున్న రాణిని చనిపోయిందని ఆమె రాజ్యంలోనే, గుడి ముందు, రాతి మీద చెక్కించే సాహసం ఎవడు చేస్తాడు?

రాయి ఏం చెప్పలేదో కూడా రాయించండి. కేసులో అసలు రుచి ఇక్కడే ఉంది. మరణించిన రోజు చెప్పలేదు. చోటు చెప్పలేదు. యుద్ధం ఊసే లేదు. చంపినవాడి పేరు లేదు. 'రుద్రమ 1289 నవంబరులో ఫలానా తేదీన యుద్ధంలో చనిపోయింది' అని సగం క్లాసు రాస్తుంది, చూస్తూ ఉండండి. వర్ధంతి సభల్లో మైకు పట్టుకున్నవాళ్లు చెప్పేదీ ఇదే. ఆ తేదీ దానం చేసిన తేదీ, మరణించిన తేదీ కాదు. చావు అంతకు ముందు జరిగింది. పుణ్యం కోసం ఇచ్చే దానాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేయరు కనుక కొద్దికాలం ముందే జరిగి ఉండాలి. ఈ 'ఉండాలి' మనది, రాయిది కాదు.

రెండో సాక్షి అంబదేవుడు. కాకతీయుల కింద ఉండి తిరగబడిన కాయస్థ వంశపు నాయకుడు. 1290 నాటి అతని త్రిపురాంతకం శాసనంలో గెలుపుల చిట్టా పొడుగ్గా ఉంటుంది, పైన ప్రభువంటూ ఎవరూ కనిపించరు. గొప్పలు చెప్పుకునే సాక్షిని నమ్మకూడదు గానీ పారేయనూ కూడదు. సంఖ్యల్లో బడాయి ఉండొచ్చు, తనను స్వతంత్రుడిగా చూపుకోవడం మాత్రం అతని రాజకీయ స్థితికి నేరుగా ఆధారం.

ఇప్పుడు ముడి వేయండి. మల్లికార్జునుడు సేనాని. రాణి పేరూ సేనాని పేరూ ఒకే వాక్యంలో, ఒకే పుణ్యం కోసం వచ్చాయి కాబట్టి ఇద్దరూ ఒకే ఘటనలో పోయి ఉండొచ్చు. సేనాని కూడా పోయిన ఘటన యుద్ధమే అయి ఉండొచ్చు. ఆ రోజుల్లో ఎదురు తిరిగి ఉన్నవాడు అంబదేవుడు కాబట్టి అతనితో యుద్ధమే అయి ఉండొచ్చు. మెట్టు మెట్టుకూ నమ్మకం తగ్గుతుంది. 1289 చివరికి ఆమె లేదన్నది గట్టి మాట. ఇద్దరిదీ ఒకే ఘటన అన్నది మంచి ఊహ. అంబదేవుడి చేతిలో అన్నది అవకాశం ఉన్న ఊహ, అంతే. అప్పటికి ఆమె వయసు మళ్లిన మనిషి, యుద్ధభూమికి ఎలా వెళ్లిందని ఏ పిల్లవాడైనా అడిగితే మంచి మార్కులు వేయండి. కత్తి పట్టకపోయినా సైన్యంతోపాటు విడిదిలో ఉండొచ్చన్నది ఒక సమాధానం.

మూడో సాక్షి పరాయివాడు, మార్కో పోలో. మోటుపల్లి రేవును 'ముత్ఫిలి' అన్నాడు. అక్కడ ఒక రాణి పాలిస్తోందనీ, రాజుగారైన భర్త పోయాక నలభై ఏళ్లుగా ఆమే చూసుకుంటోందనీ చెప్పాడు. దీని పక్కన 1261 నాటి మల్కాపురం శాసనం పెట్టండి. తండ్రి గణపతిదేవుడు ఇస్తానన్న మందడం గ్రామాన్ని కూతురు రుద్రమ దానం చేసినట్టు అందులో ఉంది. పెళ్లామా, కూతురా? ఒకటి ఆమె బతికుండగా, ఆమె దానం మీదే వేసిన రాయి. రెండోది రేవులో విన్న కబురు. బంధుత్వం విషయంలో పోలో ఓడిపోయాడు. అలాగని గెంటేయకండి. ఆడమనిషి పాలించిందన్నాడు, అది నిజమే. అక్కడి వజ్రాల గురించి, సన్నని నూలుబట్టల గురించి చెప్పాడు. దూరదేశాల వర్తకులకు అభయమిస్తూ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో వేయించిన శాసనంతో ఆ సంగతి చక్కగా కలుస్తుంది. ఒకే సాక్షి ఒక విషయంలో పొరబడి, ఇంకో విషయంలో నిలబడగలడు. రాణి పాలిస్తోందన్న అతని మాటతో 1289ని కొట్టేయలేం. ఆ కబురు ఎప్పటిదో, ఎవరి నోట విన్నదో తెలియాలి కదా.

ఒక చిక్కు గురించి ముందే చెప్పి ఉంచండి. కొన్ని శాసనాల్లో ఆమె పేరు 'రుద్రదేవ మహారాజు' అని మగ పేరుగా కనిపిస్తుంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడు వేరు, అతనిది 12వ శతాబ్దం. పేరు చూసి మనిషిని పోల్చుకోకూడదు. తేదీ చూడాలి.

పీరియడ్ 45 నిమిషాలైతే సాక్షుల చీటీలు చదవడానికి 10, గడులు నింపడానికి 20, వాదనకు 15 సరిపోతాయి. చీటీల మీద 'రుద్రమ మరణం' అని శీర్షిక మాత్రం పెట్టకండి.

ప్రశ్న: శాసనాల్లోని శక సంవత్సరాన్ని మన సంవత్సరంలోకి ఎలా మార్చాలి? తేదీ తప్పుగా చెక్కారని ఎలా పట్టుకుంటారు?
– డిగ్రీ విద్యార్థి, కడప

జవాబు: శక సంవత్సరానికి 78 కలపండి. తిథి పుష్యమాసం నుంచి ఫాల్గుణం లోపు ఉంటే మాత్రం ఆగండి. మన సంవత్సరం ఉగాదికి మారుతుంది, ఇంగ్లీషు సంవత్సరం జనవరికి మారుతుంది. జనవరి దాటాక వచ్చే తిథికి 79 కలపాలి. చాలామంది ఒక ఏడాది తప్పేది ఇక్కడే. పుష్యమాసం సగం ఇటు, సగం అటు పడుతుంది కాబట్టి దాన్ని పంచాంగ గణితం పట్టికల్లో చూసుకోక తప్పదు.

తప్పు పట్టుకోవడానికి శాసనమే రెండో తాళంచెవి ఇస్తుంది. అంకెతోపాటు సంవత్సరం పేరు కూడా, అంటే ప్రభవ నుంచి అక్షయ దాకా ఉన్న అరవై పేర్లలో ఒకటి, ఉంటుంది కదా. శక సంఖ్యకు 12 కలిపి 60తో భాగించండి. మిగిలిన శేషమే ప్రభవ నుంచి లెక్కపెట్టినప్పుడు ఆ సంవత్సరపు వరుస సంఖ్య. శేషం సున్నా వస్తే అక్షయ. చందుపట్ల రాయి మీదే చూద్దాం: 1211కి 12 కలిపితే 1223. 60తో భాగిస్తే శేషం 23. ప్రభవ, విభవ, శుక్ల అంటూ లెక్కపెట్టుకుంటూ పోతే 23వది విరోధి. రాయి మీద ఉన్నదీ విరోధే. రెండూ కలిశాయి. మల్కాపురంలో శక 1183, 12 కలిపితే 1195, శేషం 55, అంటే దుర్మతి. అదీ సరిపోతుంది.

రెండూ కలవకపోతే దొంగ శాసనమని కేకలు వేయకండి. ఒక్క ఏడాది తేడా వస్తే చెక్కించినవాళ్లు గడిచిన సంవత్సరాన్ని కాకుండా నడుస్తున్న సంవత్సరాన్ని లెక్కపెట్టి ఉంటారు, అది మామూలే. పదేళ్లు, ఇరవై ఏళ్ల తేడా వస్తే ముందు మీ చదువులోని అంకెను అనుమానించండి. పాత అంకెల్లో కొన్ని, రాయి అరిగాక, ఒకదానికొకటి దగ్గరగా కనిపిస్తాయి. అదీ కాదంటే వారం చూడండి, గ్రహణం ఉంటే మరీ మంచిది. తిథి, వారం, గ్రహణం మూడూ కలిసే రోజును కాకతాళీయంగా సృష్టించడం కష్టం. రాగిరేకుల్లో దొంగవి దొరికిపోయేది ఎక్కువగా ఇక్కడా, లిపి దగ్గరా. ఏడో శతాబ్దపు రాజు పేరుతో పదమూడో శతాబ్దపు అక్షరాలుంటే, తర్వాతి కాలంలో ఎవరో భూమి మీద హక్కు కోసం తయారు చేయించారన్నమాట. పాతదాన్ని నిజాయితీగా తిరగరాయించిన నకలు కూడా కావొచ్చు. అందుకే లిపి ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పరు.

సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే తేదీ చెప్పలేం. విరోధి 1229లో వచ్చింది, 1289లో వచ్చింది, 1349లోనూ వచ్చింది, మొన్న 2009లోనూ వచ్చింది.

పద్యశాసనాల్లో అంకెలకు బదులు మాటలుంటాయి. శశి అంటే 1, నేత్రం 2, అగ్ని 3, వేదం 4, బాణం 5, రసం 6, గిరి 7, వసువు 8, నందం 9, గగనం 0. రుద్రులు 11, సూర్యులు 12. వీటిని కుడి నుంచి ఎడమకు చదవాలి. 'రుద్ర సూర్య' అని ఉందనుకోండి, 1112 కాదు, 1211.

ఇంట్లో తాతల నాటి భూమి కాగితాలుంటే వాటి మీద ఫసలీ, అంటే భూమిశిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. దానికి 590 కలపండి. మద్రాసు ప్రాంతంలో ఫసలీ జులైలో మొదలవుతుంది, నిజాం ప్రాంతంలో అక్టోబరులో. జనవరి దాటిన తేదీకి 591 కలపాలి.

ప్రశ్న: మా చెరువు గట్టున అక్షరాలున్న రాయి ఉంది. కనిపించడానికి కుర్రాళ్లు ముగ్గుపిండి రుద్దారు. చదివించాలంటే ఏం చేయాలి?
– రైతు, పల్నాడు జిల్లా

జవాబు: పిండి రుద్దడం ఇక ఆపించండి. అక్షరం అంచు ఎక్కడుందో రుద్దినవాడే నిర్ణయించేస్తాడు. రాతి మీది గుంట కూడా అక్షరంలా తెల్లగా మెరుస్తుంది. ఎనామిల్ రంగు పూయడం అంతకన్నా ఘోరం, గీతలు పూడిపోతాయి. ఇనుప బ్రష్షూ వద్దు, యాసిడూ వద్దు. మంచినీళ్లు పోసి, మెత్తని కొబ్బరిపీచుతో మట్టి వదిలేదాకా నెమ్మదిగా తోమండి. నాచు అతుక్కుని ఉంటే బలవంతంగా గీకకండి.

ఫోటో మిట్టమధ్యాహ్నం తీస్తే ఏమీ రాదు. పొద్దున్నే, లేదా చీకటి పడ్డాక టార్చిలైటుతో తీయండి. లైటును రాతికి దాదాపు ఆనించి, పక్కనుంచి ఏటవాలుగా వేస్తే గీతల్లో నీడ పడి అక్షరాలు లేచి నిలబడతాయి. వెలుగు వచ్చే దిక్కుకు సమాంతరంగా ఉన్న గీతకు నీడ పడదు, అది మాయమవుతుంది. కాబట్టి ఎడమ, కుడి, పైన, కింద నాలుగు వైపుల నుంచీ లైటు వేసి, కెమెరా కదపకుండా నాలుగు ఫోటోలు తీయండి. పక్కన స్కేలు పెట్టండి. రాయికి నాలుగు ముఖాలూ చూడండి, శాసనం వెనక్కి తిరిగి సాగడం మామూలే. మట్టిలో ఉన్న భాగంలో కూడా వరుసలుండొచ్చు, తవ్వి పైకి లాగకండి. రాయి నిలబడిన చోటు కూడా సాక్ష్యమే. అందులో చెరువు పేరో, పొలం హద్దులో ఉంటే నేల మీద సరిచూడాలంటే అది అక్కడే ఉండాలి.

పండితులు తీసుకునే అచ్చు వేరు. తడిపిన కాగితాన్ని రాతి మీద పరిచి, గాలి బుడగల్లేకుండా బ్రష్షుతో కొడుతూ గీతల్లోకి దిగేలా చేస్తారు. సగం ఆరాక దీపపు మసితో చేసిన సిరాను గుడ్డ ఉండతో పైపైన అద్దుతారు. గుంటలో ఉన్న అక్షరం తెల్లగా, చుట్టూ నలుపుగా వస్తుంది. మరీ తడిగా ఉన్నప్పుడు అద్దితే సిరా గుంటల్లోకి పాకి అంతా నల్లబారుతుంది. పూర్తిగా ఎండాక అద్దితే కాగితం రాతి నుంచి ఊడి అచ్చు జరుగుతుంది. నేర్చుకోకుండా చేయకండి. ఫోటోలతో రాష్ట్ర పురావస్తు శాఖకు రాయండి. మైసూరులో కేంద్ర పురావస్తు సర్వేక్షణ శాఖవారి శాసన విభాగం కూడా ఉంది.

ఎవరైనా చదివి చెబితే రెండు రకాల గుర్తులు పెట్టమనండి: స్పష్టంగా కనిపించినవి ఒక రకం, ఊహించినవి ఇంకో రకం. పాత లిపిలో ఎ, ఏలకూ ఒ, ఓలకూ తేడా చూపరు, కాబట్టి ఊరి పేరు ఒకే రాతను రెండు రకాలుగా చదవొచ్చు. మన ఊరి పేరే ఉందని మనసు లాగుతుంది. అప్పుడే ఇంకో మనిషికి, ఊరి పేరు చెప్పకుండా, అదే ఫోటో ఇచ్చి చూడండి.

ప్రశ్న: మా ఊరి కైఫీయతులో 'ప్రతాపరుద్రుడు ఇచ్చిన అగ్రహారం' అని ఉంది. నమ్మొచ్చా?
– విశ్రాంత ఉద్యోగి, గుంటూరు

జవాబు: కైఫీయతు అంటే ఊరి చరిత్ర, భూముల వివరాలు రాసిన పత్రం. దానికి రెండు వయసులుంటాయి. అది చెప్పే కాలం ఒకటి, రాసిన కాలం ఒకటి. కంపెనీ అధికారి మెకంజీ కోసం అతని సహాయకులైన కావలి సోదరులూ ఇతరులూ ఊళ్లు తిరిగి కరణాల దగ్గర సేకరించింది 1800 తర్వాతి రెండు దశాబ్దాల్లో. చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి పాలన ముగిసింది 1323లో. మధ్యలో దాదాపు అయిదు వందల ఏళ్లు. పైగా కంపెనీవారి మనుషులు వచ్చి అడుగుతుంటే, ఇనాం పాతదని చెప్పుకోవడం ఊరికి లాభం. పాత రాజు అనగానే నోటికొచ్చే పేరు ప్రతాపరుద్రుడిదే.

కాబట్టి 1810 ప్రాంతంలో మీ ఊళ్లో ఎన్ని గుళ్లున్నాయి, ఏ చెరువు కింద ఎంత సాగు, మాన్యాలు ఎవరివి అన్నదానికి కైఫీయతు గట్టి సాక్షి. 1300 నాటి దానానికి అది ఆచూకీ మాత్రమే ఇస్తుంది. కైఫీయతులో 'గుడి ముందు శిలాశాసనం ఉంది' అన్న వాక్యం ఉందేమో వెతకండి. ఉంటే ఆ రాయి ఇప్పుడెక్కడుందో చూడండి. చాలాచోట్ల గుడి మెట్టుగా, లేదా బావి పక్కన బట్టలుతికే బండగా బోర్లా పడి ఉంటుంది.