పేరడీ నాది, పేరు మాత్రం ఆయనది

ప్రశ్న: పల్లె బతుకును తెగ పొగిడే ఒక పాత గేయానికి కొన్నేళ్ల క్రితం పేరడీ రాశాను. ఎండిన బోరు, కరెంటు కోత, అప్పుల పద్దు అన్నీ అందులో పెట్టాను. కలం పేరుతో ఒక ప్రత్యేక సంచికలో అచ్చయింది. తర్వాత ఊరూ పేరూ లేకుండా వాట్సాప్‌లో తిరిగింది. ఈమధ్య ఒకాయన దాన్ని తన పేరుతో సంపుటిలో వేసుకున్నారు. అడిగితే, "పేరడీకి హక్కేమిటి? నువ్వూ ఎత్తి రాసిందేగా!" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆయన వాదన పస లేనిది. మూల గేయంతో పేచీ ఏదైనా వస్తే అది మూల కవి వారసులకూ మీకూ మధ్య. నడుమ ఈయనకేం పని? మీరు సొంతంగా కల్పించి రాసిన పాదాల మేరకు 1957 కాపీరైట్ చట్టం కింద హక్కు మీదే. రిజిస్ట్రేషన్ లేకపోయినా ఫరవాలేదు.

చిక్కంతా రుజువు దగ్గరే. సంపుటి మీద ఆయన పేరుంది కాబట్టి, కాదని తేలేదాకా కోర్టు ఆయన్నే రచయితగా భావిస్తుంది (సెక్షన్ 55). అంతకుముందే అచ్చయిన మీ సంచిక దీనికి విరుగుడు. అయితే ఆ కలం పేరు మీదేనని చూపాలి. సంపాదకుడు రాసిన ఉత్తరం గానీ, అదే పేరుతో వచ్చిన మీ ఇతర రచనలు గానీ ఉన్నాయేమో వెతకండి. చిత్తుప్రతి ఉంటే పారేయకండి. కొట్టివేతలు, పక్కన మార్చి రాసిన ప్రాసలు ఉన్న కాగితం చాలా బలమైన సాక్ష్యం. ఎత్తి రాసినవాడి దగ్గర సాఫు ప్రతి తప్ప ఇంకేం ఉంటుంది? వాట్సాప్ ఫార్వర్డ్‌లను మాత్రం పెద్దగా నమ్ముకోకండి. రచయిత ఎవరో అవి చెప్పవు.

అయితే నోటీసు ఇచ్చేముందు మీ పేరడీని మూలంతో పాదం పాదం పోల్చి చూసుకోండి. కవి మరణించాక 60 ఏళ్లపాటు కాపీరైట్ ఉంటుంది. మినహాయింపులు చెప్పే సెక్షన్ 52లో విమర్శ ఉంది గానీ పేరడీ అన్న మాటే లేదు. ఒక నాటకానికి ప్రతిగా రాసిన నాటకం కేసులో కేరళ హైకోర్టు 1996లో, ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, మూలానికి పోటీ అవుతుందా అన్నవి చూసింది. మీరు వరుసనూ ఎత్తుగడనూ అనుకరించి ఊరుకుంటే టెన్షన్ అక్కర్లేదు. చరణాలకు చరణాలు యథాతథంగా దింపితే మాత్రం కేసు వేసి వారసులను నిద్రలేపినట్టే.

అన్నీ సరిపోతే ఆయనకూ ప్రచురణకర్తకూ లాయర్ నోటీసు పంపండి. రచయితగా పేరు కోరే హక్కు సెక్షన్ 57 ఇస్తుంది. మిగిలిన ప్రతుల్లో సవరణ చీటీ అంటించాలని, మలిముద్రణలో మీ పేరు వేయాలని అడగండి. ఒప్పుకోకపోతే మీరు నివసించే జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చు. మూడేళ్ల కాలపరిమితి ఉంది, తాత్సారం చేయకండి. క్రిమినల్ కేసు అవకాశమూ ఉంది గానీ, నేనైతే అక్కడి నుంచి మొదలుపెట్టను.