పుస్తకాలంటే ఇష్టం ఉంటే చాలా? బుక్ పబ్లిసిస్ట్ పని గురించి

పుస్తకాల ప్రచారం చూసే ఏజెన్సీలో పబ్లిసిస్టుగా అవకాశం వచ్చింది, చదవడమంటే ప్రాణం, ఆ ఇష్టం సరిపోతుందా అని అడిగారు. కొన్నేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ఇష్టం లేకపోతే ఈ పని చేయలేరు, కానీ చదవడం ఎక్కువగా ఇంటికెళ్లాకే కుదురుతుంది. ఆఫీసులో పొద్దంతా మెయిళ్లు, ఫోన్లే.

ప్రకటన అంటే డబ్బిచ్చి చోటు కొనుక్కోవడం. మనం అలా కొనం. ఒక విలేకరికో, సమీక్షకుడికో, పాడ్‌కాస్ట్ నడిపేవాళ్లకో ఈ పుస్తకం గురించి మాట్లాడాలని అనిపించేలా చేయాలి. ఆ తర్వాత మెచ్చుకుంటారో, ఏకిపారేస్తారో వాళ్ల ఇష్టం.

పుస్తకం బయటికి రావడానికి నెలల ముందే పని మొదలవుతుంది. కొత్త పుస్తకాల మీద సమీక్షలు వేసే పబ్లిషర్స్ వీక్లీ, కర్కస్ లాంటి అమెరికన్ పత్రికలకు అడ్వాన్స్ కాపీ, అంటే విడుదలకు ముందే చదవడానికిచ్చే ప్రతి, 3, 4 నెలల ముందే అందాలి. అందుకే ఈ పనిలో తేదీలను మించిన టెన్షన్ లేదు.

అసలు పనితనమంతా ఏ పుస్తకం ఎవరికి పంపాలో పట్టుకోవడంలోనే ఉంది. ఒకసారి ఒక నర్సు తన అనుభవాలతో రాసిన పుస్తకం నా చేతికొచ్చింది. సాహిత్యం పేజీలవాళ్లు ఎవరూ పలకలేదు. మళ్లీ కూర్చుని చదివితే, నైట్ డ్యూటీ చేసేవాళ్లు పగలు నిద్ర పట్టక పడే పాట్ల మీద ఒక అధ్యాయం ఉంది. దాన్ని పట్టుకుని ఆరోగ్యం పేజీ చూసే విలేకరికి నాలుగు వాక్యాలు రాశాను. మెయిల్ సబ్జెక్టులో పుస్తకం పేరు పెట్టలేదు, ‘తెల్లారాక పడుకునేవాళ్లకు నిద్రెలా పడుతుంది?’ అని పెట్టాను. ఆ రచయిత్రి ఇంటర్వ్యూ కావాలని మర్నాడే జవాబొచ్చింది. అందరికీ ఒకే మెయిల్ కొట్టి ఉంటే ఇది జరిగేది కాదు.

చాలా మెయిళ్లకు జవాబే రాదు. ఫాలోఅప్ చేయాలి గానీ, కొత్తగా చెప్పడానికి ఏదైనా ఉన్నప్పుడే చేయండి.

అన్నిటికంటే కష్టం రచయితతో మాట్లాడటం. ఏళ్ల తరబడి రాసుకున్న పుస్తకం అది. ‘ఇంకా ఎవరూ రాయలేదా?’ అని అడిగినప్పుడు ఆ గొంతులో ఆశ వినిపిస్తుంది. ఎవరికి పంపామో, ఎవరు వద్దన్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పేయాలి. కవరేజీ ఖాయమనీ, అమ్మకాలు పెరుగుతాయనీ మాత్రం ఎప్పుడూ మాటివ్వకండి. మంచి ఇంటర్వ్యూ వచ్చినా అమ్మకాలు కదలని పుస్తకాలు ఉంటాయి.

చేరేముందు ఏజెన్సీవాళ్లను రెండు అడగండి: ఒక్కొక్కరు ఒకే సమయంలో ఎన్ని పుస్తకాలు చూడాలి, తమకు నప్పని పుస్తకాన్ని వద్దనుకునే అలవాటు వాళ్లకు ఉందా. మొదటిదానికి సూటిగా చెప్పకుండా దాటేస్తే, అక్కడ పుస్తకాలు చదివే తీరిక మీకు దొరకదు. పుస్తకం చదవకుండానే పిచ్, అంటే విలేకరులకు పంపే అలాంటి మెయిల్, రాయమనే చోట నేనైతే చేరను.