చిత్రాల్లో దూరపు కొండకోట నీలంగా ఎందుకు ఉంటుంది?

కోటకూ మన కంటికీ మధ్య ఉన్న గాలి వల్లే అది నీలంగా కనిపిస్తుంది. రాయి రంగేమీ మారదు. ఎండలోని నీలి కాంతిని గాలి అణువులు ఎరుపు కంటే చాలా ఎక్కువగా చెదరగొడతాయి. దూరం పెరిగేకొద్దీ ఆ చెదిరిన వెలుగు నీడల మీద పరుచుకుంటుంది. బురుజు కింది నల్లటి నీడ పలచబడి నీలి బూడిద రంగుకు వస్తుంది, గోడ అంచులు మెత్తబడతాయి. డావిన్సీ గీసిన మోనాలిసా వెనక చూడండి, దగ్గరి నేల గోధుమ రంగులో, చివరి కొండలు నీలి పొగలా ఉంటాయి.

అలాగని దూరంగా ఉన్న ప్రతిదానికీ నీలం కలిపేయడం చాలామంది చేసే పొరపాటు. అది నీడలకూ ముదురు రంగులకే పనికొస్తుంది. ఎండ పడిన తెల్లగోడ, మంచు దూరంలో కాస్త పసుపుకు తిరుగుతాయి, ఎందుకంటే వాటి వెలుగులోని నీలం దారిలోనే చెదిరిపోతుంది.